ఆపరేషన్ ఒకాపి పిల్ల

"ఈసారి వాళ్లకి కావలసింది ఏనుగు దంతం కాదు. ప్రాణంతో ఉన్న ఒకాపి పిల్ల," అన్నాడు వన్యప్రాణి డిపార్టుమెంటు చీఫ్ మలోంగో, ఫైలు ముందుకు తోస్తూ. పైన ఫోటోలో జిరాఫీకి చుట్టం, కాళ్లకి మాత్రం జీబ్రా చారలు. "విదేశంలో ఎవడో కోటీశ్వరుడి తోటకట. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి విమానం. ముఠాలో చేరు. విమానం దిగి, కొనేవాడి మొహం కనబడేదాకా నువ్వెవరో బయటపడకూడదు."

"ఈలోగా పిల్లకి ఏమైనా అయితే సార్?"

"ఆర్డరు చదువుకున్నావుగా కసెరెకా?"

శనివారం ఉదయం తొమ్మిది. ఇతూరి అడవిలో వాన అప్పుడే వెలిసింది. ఏజెంట్ కసెరెకా ఇప్పుడు గడ్డం అతికించుకున్న తోళ్ల వ్యాపారి. పెన్నులో దాచిన రేడియోలోకి నీళ్లు పోయి అది కాస్తా మూగబోయింది. తోడు రావలసిన మనుషులు ఎక్కడో ఎయిర్ స్ట్రిప్ దగ్గర పొంచి ఉన్నారు. ముందు ముఠా నాయకుడు కెప్టెన్ రూడ్, వెనక మూడు రైఫిళ్లు. పక్కన ఫెజా. అడవిలోనూ లిప్ స్టిక్ చెరగని అందగత్తె. పొద్దున ముఠాకి, సాయంత్రం డిపార్టుమెంటుకి రహస్యాలు అమ్ముతుంది. ఇవాళ ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

రైఫిళ్లకి భయపడి వచ్చిన పన్నెండు మంది మ్బూతీ అనే అడవి తెగ వేటగాళ్లు వలలు దించారు. కేకలేసి తల్లిని తరిమితే చాలు, పిల్లని ఎత్తుకుపోవచ్చు. పుట్టిన రెండు నెలలూ ఒకాపి పిల్ల దాక్కున్న చోటు వదలదు. చిరుత వాసన పట్టకుండా పేడ కూడా వేయదు. పాపం, అంత జాగ్రత్త దానిది. మనుషుల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన మాపోలి చెట్టు మొదట్లో నిప్పు రాజేసి పచ్చాకు వేశాడు. పొగ లేచింది.

"రేంజర్లు చూస్తారు! ఆర్పు!" రూడ్ బూటుకాలితో నిప్పుని తొక్కేశాడు.

మాపోలి బూడిద వంక చూసి నవ్వాడు. "ఒరేయ్, వలలు చుట్టండిరా."

"ఎక్కడికి ముసలోడా?"

"ఇంటికి దొరా. అడవి నాన్నకి పొగ చూపించకుండా వలేస్తామా?"

"కాల్చేస్తా!"

"కాల్చు దొరా. తర్వాత వల ఎవరు పడతారు, మీ తాతా?"

పన్నెండు మందీ ఆకుల్లో కలిసిపోయారు. రూడ్ బూతులు తిడుతూ తనే వెతకడం మొదలుపెట్టాడు. రైఫిళ్లతో పొదలు కెలికించాడు.

అప్పుడు కసెరెకా చూశాడు. తన మోకాలి పక్కనే, ఆకుల కింద, పెద్ద చెవులు, తడి కన్ను, తొడ మీద తెల్లచారలు. సంచిలో ఒక పిస్తోలు. ఎదురుగా మూడు రైఫిళ్లు. అది తీస్తే తనూ పిల్లా ఇద్దరూ పోతారు. కదిలితే పిల్ల పోతుంది. తన మీద తనకే ఇంత అసహ్యం అతనికి ఎప్పుడూ కలగలేదు. తలెత్తితే ఫెజా కూడా అటే చూస్తోంది.

"ఎవరికైనా కనబడిందా?" రూడ్ అరిచాడు.

ఫెజా బుగ్గకి పౌడరు అద్దుకుంది. "ఎలుక కూడా లేదు కెప్టెన్. పదకొండున్నర. విమానం ఆగదు."

విమానం దగ్గర, పొంచి ఉన్న డిపార్టుమెంటు మనుషులకి కొనేవాడితో సహా అందరూ దొరికారు.

"శభాష్! ఎలా ఆపావయ్యా?" అన్నాడు చీఫ్.

"నేనేం చేయలేదు సార్. నిలబడ్డాను."

చీఫ్ 'అసమాన సాహసం' అని రాసుకున్నాడు.

"సార్, ఆ పక్కనే బంగారం తవ్వేవాళ్లు చెట్లన్నీ నరికేస్తున్నారు. ఆ తల్లీ పిల్లా ఎటు పోతాయి?"

చీఫ్ పెన్ను మూత పెట్టేశాడు. "వాళ్లకి పర్మిట్ ఉందయ్యా."

పర్మిట్ ఉన్నవాడి మీదికి ఏజెంటుని పంపే అలవాటు డిపార్టుమెంటుకి లేదు.