వినిపిస్తే నొక్కండి

సాయంత్రం అయిదూ నలభై అయ్యేసరికి ఆ గదిలో కూర్చున్న ప్రతి మనిషికీ చెవులు వచ్చేసేవి.

పేషెంట్లు దాన్ని అద్భుతం అనుకున్నారు. వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి మాత్రం దరిద్రం అనుకుంది.

ఇంటి ముందు గదే ఆమె క్లినిక్. అందులో ఓ అద్దాల పెట్టె, పెట్టెలో కుర్చీ, కుర్చీలో పేషెంటు, పేషెంటు చేతిలో బటన్. "ఎంత చిన్న శబ్దం వినిపించినా నొక్కండి" అని చెప్పి ఆమె బయట మిషన్ ముందు కూర్చుంటుంది. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది.

అయిదూ నలభైకి మాత్రం ఆమె ఏ శబ్దమూ పంపకుండానే దీపం వెలిగేది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి ఓ మోటార్ సైకిల్ వచ్చేది. మలుపు దాకా బుద్ధిగానే వచ్చి, ఈ గుమ్మం దగ్గరకి రాగానే కొత్త సైలెన్సర్‌లోంచి "టప్! టప్ టప్! ఠాప్!" మనేది.

పదేళ్లుగా భార్య మాట వినపడక ప్రశాంతంగా బతుకుతున్న ఒకాయన ఓ రోజు ఆ సమయంలోనే నాలుగుసార్లు నొక్కాడు. బయట కూర్చున్న భార్య దీపం చూసింది.

"అంటే ఇన్నేళ్లూ వినపడుతూనే ఉందన్నమాట!"

తరవాత జరిగింది వినడానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

మర్నాడు అయిదూ ముప్పై ఎనిమిదికే అమ్మాయి గుమ్మం ముందు నిలబడి, బండి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది. అతను హెల్మెట్ తీశాడు. తెలిసిన మొహమే. వీధి చివర కళ్లజోళ్ల షాపు అబ్బాయి. నెల క్రితం తాతయ్య కళ్లజోడు చెవి దగ్గర ఒరుసుకుంటోందంటే ఇంటికొచ్చి సరిచేసి వెళ్లాడు.

"మీ బండికి ఏమైనా జబ్బా?"

"కొత్త సైలెన్సరండీ. పెట్టించినప్పటి నుంచీ ఇలా..."

"కోరి పెట్టించుకున్నారా!"

"బండి పాడుతుందన్నారండీ."

"ఇది పాటా? కోరింత దగ్గులా ఉంది. మీ దగ్గుకి నా పేషెంట్లు బటన్లు నొక్కేస్తున్నారు. నిన్న ఒక కాపురం కూలబోయింది, తెలుసా?"

"అయ్యో! ఇప్పుడాయన ఎలా ఉన్నారండీ?"

"మళ్లీ వినపడటం లేదట."

నవ్వకూడదని ఇద్దరూ గట్టి పట్టుదల మీద ఉన్నారు. ముందు అతను ఓడిపోయాడు.

వరండాలో తాతయ్య ఇదంతా చూస్తున్నాడు. చూడటమే, వినడం లేదు. ఆయన చెవులు మొద్దుబారి నాలుగేళ్లయింది. సొంత మనవరాలి వృత్తే అదైనా చెవికి మిషన్ పెట్టుకోడు. "నాకు వినపడకేం! మీరే గొణుగుతారు" అంటాడు. రోజు మొత్తంలో ఆయనకి వినపడేది ఆ టప్ టప్ ఒక్కటే. అది వినగానే కాఫీ అడుగుతాడు.

శనివారం అమ్మాయి దగ్గరుండి మరీ బండిని మెకానిక్ దగ్గరికి నడిపించింది. ఆయన్ని అందరూ సర్జన్ అంటారు. సర్జన్ సైలెన్సర్ మొదట్లో చెయ్యి అడ్డంపెట్టి చూసి పెదవి విరిచాడు.

"ప్రాణానికేం భయం లేదమ్మా. బిగించిన చోట ప్యాకింగ్ రింగు వెయ్యలేదు. సందులోంచి గాలి దూరుతోంది. యాక్సిలేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలోకి వచ్చి, ఆ గాలి తగిలి అక్కడ అంటుకుంటోంది. అదే టప్పు."

"మరి దారంతా ఎందుకు పేలదు?"

"తిన్నగా పోతే నోరు మెదపదమ్మా. స్పీడు తగ్గిస్తేనే పేలుతుంది."

అమ్మాయి మెల్లిగా కళ్లజోళ్ల అబ్బాయి వైపు తిరిగింది.

"మా ఇంటి ముందే ఎందుకు తగ్గిస్తున్నారు?"

"అక్కడ... గుంత ఉందండీ."

"ఆ గుంత పూడ్చి ఆరు నెలలైంది."

"అవునా? నేను చూడలేదండీ."

"కళ్లజోళ్లు అమ్మేవాళ్లు మీరు!"

సర్జన్ స్పానర్ కింద పెట్టేశాడు. బాగా వినపడాలని రేడియో కూడా ఆపాడు. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. చెవుల గురించి నాలుగేళ్లు చదివిన అమ్మాయికి, అవి అంత ఎర్రబడగలవని ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

"రింగు వేసెయ్యండి" అన్నాడు అతను నేలకేసి చూస్తూ.

పది నిమిషాల పని. అయిపోయింది.

సోమవారం అయిదూ నలభై. నిశ్శబ్దం. మంగళవారమూ అంతే. పరీక్షల కాగితాలు కడిగిన ముత్యాల్లా వస్తున్నాయి. సంతోషించాల్సిన అమ్మాయి గడియారం వంక చూస్తూ కూర్చుంది. బండి బాగైందా? లేక మనిషి మారిపోయి, స్పీడు తగ్గించకుండా తిన్నగా పోతున్నాడా? వింటే తెలియదు. లేచి వెళ్లి చూద్దామంటే అభిమానం. బుధవారం ఒక పేషెంటుకి ఒకే శబ్దాన్ని ఆరుసార్లు పంపింది.

"అమ్మా, పరీక్ష నాకా, మీకా?" అని అడిగిందావిడ.

గురువారం తాతయ్య దిగులుగా వచ్చాడు.

"అమ్మాయ్, నా చెవులు పూర్తిగా పోయాయే. ఆ ఒక్క టప్పూ వినపడి అయిదారు రోజులైంది. ఆ మిషనేదో పెట్టెయ్."

నిజం చెబితే పెట్టుకోడు. ఆమెకి నిజాయితీ ఉంది కానీ, వేళాపాళా లేనిది కాదు. గబగబా పెట్టేసింది.

అదెలా పనిచేస్తోందో చూడటానికి ఆయన్ని పెట్టెలో కూర్చోబెట్టింది. తలుపులు మూస్తే ఊపిరాడదని తాతయ్య గొడవ చేస్తే అద్దాల పెట్టె తలుపూ వీధి తలుపూ బార్లా తీసి, చేతికి బటన్ ఇచ్చింది. శబ్దాలు సరిచూసుకోవడానికి తన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఇంకా ఏమీ పంపనే లేదు, దీపం వెలిగింది.

హెడ్‌ఫోన్లు తీసింది. "ఏం వినపడింది తాతయ్యా?"

"వీధిలో ఎవడో నోటితో టప్ టప్ అంటున్నాడే."

"నోటితోనా!"

పరుగున గుమ్మంలోకి వచ్చింది. ఇంజిన్ ఆపిన బండి మీద, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, కళ్లజోళ్ల అబ్బాయి. మూడో టప్పు సగంలో ఉండగా ఆమెని చూసి మింగేశాడు.

"ఏమిటిది?"

"బండి మానేసిందండీ. నేను మానలేకపోతున్నాను."

"ఇవాళేనా?"

"సోమవారం నుంచీ రోజూ అంటున్నానండీ. మీకు వినపడలేదు." ఒళ్లో హెల్మెట్ సర్దుకుని, "వినికిడి పరీక్షలు చేసేవాళ్లు మీరు!" అన్నాడు.

అమ్మాయి చేతిలోని హెడ్‌ఫోన్లు వెనక్కి దాచుకుంది.

"గుంత పూడ్చడం నేను చూశానండీ. ఆ రోజూ ఇక్కడ స్పీడు తగ్గించాను. మీరు కనపడతారేమోనని. తిన్నగా పోవడం నావల్ల కావటం లేదు."

"మెల్లిగా! తాతయ్య ఉన్నాడు."

"ఆయనకి వినపడదు కదండీ?"

గదిలో ఎర్ర దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"వినిపిస్తే నొక్కమన్నావుగా, నొక్కుతున్నా" అన్నాడు తాతయ్య లోపలి నుంచి. "కళ్లవాడూ చెవులదీ, జత బాగానే ఉంది. వాడి మాటలన్నీ స్పష్టంగా ఉన్నాయే. నీదే ఒక్క ముక్కా వినపడటం లేదు."

"నేనేం అనలేదు తాతయ్యా."

"అదే చెబుతున్నా. అను. నాలుగేళ్ల పట్టు వదిలి పెట్టుకున్నాను మిషను."

అమ్మాయి బండి వంక చూసింది. కొత్త సైలెన్సర్ వంక చూసింది. చివరికి అతని వంక చూడక తప్పలేదు.

"రేపటి నుంచి ఇక్కడ స్పీడు తగ్గించకండి" అంది, తనకే వినపడనంత మెల్లిగా.

అతని మొహం వాడిపోయింది.

"బండే ఆపేయండి. లోపలికి రండి."

ఎర్ర దీపం వెలిగింది. ఈసారి తాతయ్య బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు.