బుడగలు రాని బకెట్టు

సగం గడ్డం గీయించుకున్న మనిషిని చంపకూడదని ఏ చట్టంలోనూ రాసి లేదు. రాసి ఉన్నా ఆ హంతకుడు చదువుకున్న రకంలా లేడు. ఉదయం పదకొండూ ఇరవైకి సెలూన్ తలుపు తోసుకుని వచ్చాడు. గుమ్మమంత మనిషి. సైలెన్సర్ బిగించిన తుపాకీతో కుర్చీలో ఉన్న ప్లంబర్ ఛాతీలో రెండు గుండ్లు దింపాడు. సబ్బు నురగ ఎగిరి అతని నల్లకోటు మోచేతి మీద పడింది. తుడుచుకోకుండానే వచ్చిన దారిన వెళ్ళిపోయాడు.

ఆ ప్లంబర్ నిజానికి డిపార్ట్‌మెంట్ ఏజెంట్. మూడు నెలలుగా గొట్టాలు బిగించీ బిగించీ అసలు ప్లంబర్లకే వంకలు పెట్టే స్థాయికి చేరాడు. ప్రాణం పోయేముందు చెంప మీది నురగ వేలితో తీసి ఎదుటి అద్దం మీద రాశాడు: "విషం. మూడింటికి. కుళాయి నీళ్ళు. ట్యాంకు". ట్యాంకు ఎన్నోదో రాయడానికి నురగ మిగిలింది గాని ప్రాణం మిగల్లేదు.

జేబులో ఒక కార్డు దొరికింది. వీధి చివర కొత్తగా పెట్టిన బ్రూపబ్ వాళ్ళది. "బీరు ఇక్కడే కాస్తాం, ఇక్కడే పోస్తాం. ప్రారంభం నేడే, మధ్యాహ్నం రెండింటికి."

పన్నెండింటికి బ్రీఫింగ్. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ను అందరూ మామ అంటారు. ముంగిస అనే ఏజెంటుకు మాత్రం ఆయన నిజంగానే పిల్లనిచ్చిన మామ. తండ్రి తపాలా శాఖలో రిటైరయ్యాడనీ, మొగుడు తూకం మిషన్లు తనిఖీ చేస్తాడనీ ఆ పిల్ల నమ్మకం.

"విదేశీ ముఠా, అల్లుడూ," అన్నాడు మామ. "బీరు కాయాలంటే బోలెడు నీళ్ళు కావాలి కదా. లావు పైపు అడిగితే ఎవడూ అనుమానించలేదు. ఆ పైపు ఊరి నీళ్ళ మెయిన్‌లో కలుస్తుంది. మూడింటికి మెయిన్ ఖాళీ. మూడున్నరకి నీళ్ళు వదులుతారు."

"ఆ మధ్యలో విషం వెనక్కి తోస్తారు."

"నాలుగు వేల ఇళ్ళు. ఆ లైన్లో మొదటి ఇల్లు మనదే."

ముంగిస లేచి నిలబడ్డాడు. "నీళ్ళాఫీసుకు ఫోన్ చేశారా?"

"భోజనాల వేళ. మూడింటిదాకా ఎత్తే నాథుడు ఉండడు. జీపు పంపాను. ఆఫీసు కొండ అవతల, జీపు చేరేసరికి మూడు దాటుతుంది."

"మీ అమ్మాయికి?"

"ఇవాళ నీళ్ళు రావని చెప్పాను. రావంటే ఇంకో రెండు డ్రమ్ములు కడిగి ఎదురుచూస్తుంది. నీకు తెలీదా?"

ముంగిసకు పదకొండేళ్ళుగా తెలుసు.

"బలగంతో వెళ్తే?"

"వాల్వు తిప్పడానికి వాళ్ళకు రెప్పపాటు చాలు. ఒక్కడివే వెళ్ళు. గిరాకీలా కూర్చో. లోపల మన నెమలి ఉంది, ఏ ట్యాంకో తను చెబుతుంది." మామ సొరుగులోంచి ఒక ఓపెనర్ తీసి ఇచ్చాడు. "బొటనవేలితో నొక్కితే ఇనుప తీగనైనా కొరికేస్తుంది. ఒకటే లోటు. సీసా మూత తియ్యదు."

రెండూ పదికి ఆ బ్రూపబ్‌లోకి తెల్లమీసాల బొర్రాయన ఒకడు ఆయాసపడుతూ వచ్చాడు. మీసాలు జిగురు, బొర్ర దిండు. హాలంతా కొత్త వార్నిష్ వాసన, దాని మీద ఉడుకుతున్న గింజల తియ్యని వాసన. కౌంటర్ వెనక నిలువెత్తు అద్దాల గోడ. అవతల అయిదు ఉక్కు ట్యాంకులు. ఒక్కోదాని నెత్తి నుంచి ఒక గొట్టం దిగి కింద నీళ్ళ బకెట్టులో మునిగి ఉంది. పక్కనే పలకల మీద సుద్దతో రాతలు.

బీరు మేస్త్రి తోలు ఏప్రన్ కట్టుకుని చిరునవ్వుతో గ్లాసు నింపి ఇచ్చాడు. అక్కడే దొరికిపోయాడు. కిందటేడు ఇంకో కేసు కోసం ముంగిస ఆరు నెలలు బీరు ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగాడు. గొట్టంలో నిలవున్న మొదటి గ్లాసు పారబోసి, రెండోది తాను ఒక గుక్క తాగి చూసి, మూడోది గిరాకీకి ఇవ్వడం మేస్త్రి అనేవాడి మర్యాద. ఈ పెద్దమనిషి మొదటి గ్లాసే చేతికిచ్చాడు. తన చెయ్యి నాకి కూడా చూడలేదు.

ముంగిస అటూ ఇటూ చూసి ఆ బీరు తన బొర్రకే తాగించాడు. దిండు కిమ్మనకుండా పీల్చుకుంది. వేయించిన చేప వచ్చినప్పుడు మాత్రం వెనకాడలేదు. వంటవాడు వంటగది కిటికీలో నిలబడి తన చేప ముక్క తనే నములుతూ, ఉప్పు సరిపోయిందని తనకు తనే తల ఊపుకుంటున్నాడు. అలాంటి వాడు విషం పెట్టడు.

ఆకుపచ్చ పట్టు గౌనులో నెమలి మెనూ కార్డుతో వచ్చింది. ఆమె నడుస్తుంటే నాలుగు బల్లల మీద మాటలు ఆగిపోయాయి.

"నురగ తీసి ఇస్తారా?" అన్నాడు ముంగిస.

"నురగ తీస్తే మిగిలేది కషాయం." కోడ్ సరిపోయింది. ఆమె వంగి చెవిలో చెప్పింది. "రెండో ట్యాంకు. కింది వాల్వు. వంటగది పక్క తలుపు తీసే ఉంది."

ముంగిస అద్దాల్లోంచి చూశాడు. రెండో బకెట్టు బుడబుడమంటూ పొంగుతోంది. పులిసే బీరు గాలి వదులుతుంది, ఆ గాలి బకెట్టులో గోల చేస్తుంది. ఒకటి, మూడు, అయిదు కూడా అంతే. నాలుగో పలక మీద "గోధుమ బీరు, మూడో రోజు" అని రాసి ఉంది. మూడో రోజంటే పెళ్ళివారి ఇల్లులా ఉండాలి. నాలుగో బకెట్టులో మాత్రం ఒక్క బుడగ లేదు. సుద్దతో మూడో రోజని రాస్తే సరిపోతుందనుకున్నారు, పాపం. పులవడం నేర్చుకోలేదు.

అంటే నెమలి రెండు గూళ్ళలో గుడ్లు పెడుతోంది. ప్లంబర్ ఏ సెలూన్లో ఉంటాడో వాళ్ళకెలా తెలిసిందో కూడా ఇప్పుడు అర్థమైంది. సగం చేప కంచంలో వదిలేసి లేచాడు. ఆ సగం చేప బాధ అతనికి చివరిదాకా ఉండిపోయింది.

రెండూ నలభై ఎనిమిది. ట్యాంకుల గదిలో అడుగు పెట్టాడో లేదో, పడవ తెడ్డంత చెక్క గరిటె గాల్లో గిర్రున తిరిగి పొట్ట మీద పడింది. వేరే పొట్ట అయితే వెన్నెముకకు అంటుకుపోయేది. దిండు చిరిగి బీరు చిమ్మింది. గరిటె పట్టుకున్న గుమ్మమంత మనిషి మోచేతి మీద ఎండిన సబ్బు మచ్చ.

"సగం గడ్డంతో పంపావు మావాణ్ణి," అన్నాడు ముంగిస.

"నీకు మీసం కూడా మిగల్చను."

రెండో దెబ్బకు ముంగిస ఎడమచేతి వేళ్ళు రెండు విరిగాయి. మూడో దెబ్బకు వంగి, వాడి మోకాలి చిప్ప మీద బూటు మడమతో తన్నాడు. ఎముక చెరుకుగడలా విరిగిన చప్పుడు. వాడు తూలి, గింజలు కుతకుతా ఉడుకుతున్న గంగాళం అంచు మీద పడ్డాడు. ముంగిస వాడి రెండు కాళ్ళూ ఎత్తి మిగతా పని పూర్తి చేశాడు. ఒక్క కేక వినిపించింది. తర్వాత గంజి ఉడుకుతున్న చప్పుడే.

అద్దాల అవతల గిరాకీలు ప్రారంభోత్సవానికి పెట్టిన ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు. అంతలో గంగాళం ఆవిరికి అద్దాలు మూసుకుపోయాయి.

రెండూ యాభై ఆరు. వెనక తలుపు గడియ పడింది. నెమలి చేతిలో అరచేతిలో పట్టే పిస్టల్.

"రెండో ట్యాంకని చెప్పాను కదా. చెప్పిన మాట వినవేం?"

"ఇంట్లో కూడా అదే అంటారు."

ఆమె కాల్చింది. గుండు ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. ముంగిస పడుతూ పడుతూనే వరసగా పేర్చిన ఉక్కు పీపాల్లో కింది దాన్ని కాలితో లాగాడు. పైవన్నీ దడదడా దొర్లాయి. మొదటిది ఆమె కాళ్ళు విరిచింది. రెండోది ఛాతీ మీదుగా దొర్లింది. మూడోదాని అవసరం లేకపోయింది. ఆకుపచ్చ గౌను మెల్లమెల్లగా ఎర్రబడింది.

రెండూ యాభై తొమ్మిది. నెమలి వెనకే లోపలికొచ్చిన దొంగ మేస్త్రి నాలుగో ట్యాంకు కింద వాల్వు పూర్తిగా తిప్పి, దాని పిడి సుత్తితో విరగ్గొట్టి మురుగు తూములోకి విసిరేశాడు.

"అయిపోయింది," అన్నాడు నవ్వుతూ. "ఇక మీ దేవుడొచ్చినా మూయలేడు."

ట్యాంకు నుంచి వెళ్ళే గొట్టం గోడ వెంట నిలువెత్తు పైకి లేచి, మెడలా వంగి, నేలలో మెయిన్‌లోకి దిగుతోంది. మెడ దగ్గర గాజు ముక్క. గాజులో పచ్చటి ద్రవం జానెడు జానెడు పైకెక్కుతోంది. మూయడానికి పిడి లేదు. కాని విషం దానంతటది మెట్లెక్కదు కదా, వెనక నుంచి ఎవరో తొయ్యాలి. ముంగిస కళ్ళు తోసేవాణ్ణి వెతికాయి. మూల నిలబెట్టిన గ్యాస్ సిలిండరు. దాన్నుంచి ట్యాంకు నెత్తికి తీగలు అల్లిన రబ్బరు పైపు.

మేస్త్రి సుత్తితో దూకాడు. మొదటి దెబ్బకు ముంగిస పక్కటెముక పటుక్కుమంది. పాకుతూ వెళ్ళి పైపు పట్టుకున్నాడు. రెండో దెబ్బ చెవి కోసుకుంటూ పోయింది. ఓపెనర్‌ను ట్యాంకు దగ్గర పైపుకు తగిలించి బొటనవేలితో నొక్కాడు.

తెగింది. బుస్సుమని లేచిన పైపు తోక తొక్కిన తాచులా గది నాలుగు గోడలూ కొట్టుకుంది. తెగిన కొసకు బిగించి ఉన్న ఇత్తడి పట్టీ మేస్త్రి కణతకు తగిలింది. సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే వెనక్కి విరుచుకుపడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ముంగిస గాజు వైపు చూశాడు. పచ్చటి ద్రవం మెడకు వేలెడు కింద ఆగింది. ఊగింది. ఊపిరి పోయినట్టు వెనక్కి దిగిపోయింది. గోడ గడియారం మూడు కొట్టింది.

జీపు ఆలస్యంగానైనా నీళ్ళాఫీసు చేరింది. గొట్టాలన్నీ పరీక్షించేదాకా నీళ్ళు వదలొద్దని ఆర్డరు. భుజానికి కట్టు, వేళ్ళకు చెక్కలు కట్టించుకుని ముంగిస సాయంత్రం ఇల్లు చేరేసరికి వరండాలో ఆరు ఖాళీ డ్రమ్ములు, వాటి మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని భార్య.

"చుక్క నీళ్ళు రాలేదు. తపాలా ఆఫీసులో చేసిన మా నాన్నకు నీళ్ళ సంగతి ముందే ఎలా తెలిసిందో. మీ భుజానికేంటి?"

"తూకం రాయి పడింది."

"చెవి మీద కూడా పడిందా రాయి?" ఆమె దగ్గరికొచ్చి వాసన చూసింది. "బీరు. వీధి చివర కొత్తదానికి వెళ్ళారు. నన్ను వదిలేసి."

"డ్యూటీ మీద వెళ్ళాను. ఒట్టు. చుక్క ముట్టలేదు."

"ఎలా ఉందేంటి?"

ముంగిస వరండాలోని ఆరు డ్రమ్ములకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే నెపం పక్కటెముక మీదికి నెట్టేశాడు.

"చేప బాగుంది," అన్నాడు. "వడ్డించేవాళ్ళే కొంచెం చెయ్యి దురుసు."

"అలాగా? ఈ ఆదివారం నేనొస్తా. వాళ్ళ సంగతి నేను చూస్తా."

ఆ ముగ్గురూ ముందే చచ్చి బతికిపోయారని ముంగిస అనుకున్నాడు.