చీటీ లేని మూట

పనిలో చేరాల్సిన మొదటి రోజు తెల్లవారగానే జకర్యా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని అలా కూర్చున్నాడంతే! ఖమ్మంలో ఖానాపురం హవేలి బస్తీలో వాళ్ళు కిరాయికి ఉంటున్నది ఒక్కటే గది, దానికి ఉన్నది ఒక్కటే గుమ్మం. అన్నం డబ్బా చేత్తో పట్టుకుని తబిత భర్త వీపు వైపు చూస్తూ నిలబడింది. వెనక గోడ వారన అత్తగారు విశ్రాంతమ్మ కొంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. చూపు మందగించిన ఆ ముసలి ప్రాణానికి రోజులో ఎక్కువ భాగం ప్రార్థనే.

"పోకు తబితా," అన్నాడు జకర్యా చివరికి. "ఇండ్లల్ల పాచిపని జేసుకున్నా సరే. గా మూటల పని మనకొద్దు."

ఆ పని పార్సిల్ గోడౌనులో. హైదరాబాదు లారీలో దిగిన పెట్టెల్ని ఊరి పేరు చూసి ఇల్లందువి ఒక పక్క, మణుగూరువి ఒక పక్క, భద్రాచలానివి ఒక పక్క పేర్చాలి. ఏడో తరగతి చదివిన తబితకు అదేమంత కష్టం కాదు. కానీ ఆ ఇంట్లో మూట అనే మాట వినబడితే చాలు, ముద్ద గొంతు దిగదు...

వాళ్ళది పినపాక అవతల అడవి అంచున ఒక కోయ గూడెం. అక్కడొక మర్యాద ఉంది. దారిన పోయే మనిషి ఇంటి ముందు ఆగి, నీళ్ళు తాగి, ఈ మూట ఉంచండి, మళ్ళీ వచ్చి తీసుకుంటానంటే ఉంచాలి. అందులో ఏముందని అడగకూడదు. ముడి విప్పి చూడకూడదు. చర్చికి పోయే ఇళ్ళయినా, వేల్పులను కొలిచే ఇళ్ళయినా ఆ మర్యాద అందరిదీ. కొన్నేళ్ళ కిందట, తల్లికి జబ్బు చేసిందని తబిత ఇల్లందులోని పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో, ఎవరో అలాగే వచ్చి మూట పెట్టి వెళ్ళారు. ఆ వెనకే పోలీసులు వచ్చారు. మూటలో తూటాలు దొరికాయి! ఎవరు తీసుకున్నారంటే నేనేనన్నాడట జకర్యా. ఎండాకాలంలో తీసుకెళ్ళిన మనిషిని చలికాలంలో వదిలారు. అప్పటినుంచి అతని కుడి చెయ్యి భుజం దాటి లేవదు. గూడెంలో ఉండాలంటే ఇటు పోలీసులన్నా భయమే, అటు అడవిలో అన్నలన్నా భయమే. ఇల్లు వదిలి ఖమ్మం చేరారు.

ఆ మూట ఎందుకు తీసుకున్నావని తబిత ఎన్నిసార్లు అడిగిందో! ఏడుస్తూ అడిగింది, దులిపేస్తూ అడిగింది, అన్నం వడ్డిస్తూ అడిగింది. ఒక్కసారీ జవాబు రాలేదు. జవాబు లేని ఆ ప్రశ్న ఏళ్ళ తరబడి గుండెలో గట్టిపడిపోయింది.

ఇప్పుడూ ఆమె నోటి నుంచి ఆ కోపమే వచ్చింది. "నువ్వు తెచ్చిన గతికే పోతున్న. జరుగు."

జకర్యా తలెత్తకుండా పక్కకు జరిగాడు. విశ్రాంతమ్మ ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

గోడౌను చూసుకునే హీరాలాల్ మాట కరుకైనా మనిషి మంచివాడే. పని చూపించి, ఒక్క సంగతి మాత్రం వేలెత్తి మరీ చెప్పాడు. "అక్కా, చీటీ లేంది షట్టర్ లోపలికి రావొద్దు. చీటీ ఉంటే అది సరుకు. లేకుంటే నీ మెడకు చుట్టుకునే పాము." తబిత తలూపింది. కానీ చీటీ ఉన్న పెట్టెను ఎత్తినా ఆమెకు భయమే! ఒకదాంట్లో ఏదో గలగలమంది. ఇంకొకదాంట్లో ఏదో అటూ ఇటూ దొర్లింది. ఎవరిదో, ఎక్కడిదో, లోపలేముందో... అరచేతుల చెమటకు అట్టపెట్టెల మీద తడి వేళ్ళ గుర్తులు పడుతుంటే కొంగుతో తుడుస్తూ పేర్చింది. ప్రభువా, ఈ ఒక్క పూట గడిపించు, అని లోలోపల అనుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం మిగతావాళ్ళు అన్నాలకు కూర్చున్నప్పుడు మణుగూరు వ్యాను తిరిగొచ్చింది. డ్రైవర్ పక్కనుంచి ఒక ముసలాయన దిగాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, చంకలో గుడ్డమూట పెట్టుకుని బిత్తర చూపులు చూస్తున్నాడు. పెద్ద దవాఖానాకు దారేదని వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఆ యాస వినగానే తబితకు ప్రాణం లేచొచ్చి కోయ మాటల్లోనే దారి చెప్పింది. ముసలాయన మొహం విప్పారింది! పేరు జంపయ్యట. మనవరాలు దవాఖానాలో ఉందట, చూసి వస్తాడట. అంతమంది జనంలో మూట మోసుకు తిరగలేను, నీ దగ్గర ఉంచు తల్లీ అన్నాడు.

వద్దు అనాలి. చీటీ రాయించాలి. హీరాలాల్‌ను పిలవాలి... అన్నీ తెలుసు. కానీ ముసలాయన అప్పటికే ఆమె సీసాలో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మూటను రెండు చేతులతో చాపి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అలా చాపిన చేతులకు ఎవరైనా వద్దని చెప్పడం ఆమె ఎక్కడా చూడలేదు. పెట్టి పొమ్మంది. షట్టర్ వెనక మూలన, చీపురు పక్కకు తోసింది.

గంట గడవకముందే హీరాలాల్ దాన్ని చూశాడు. కాలితో కదిపితే ముడి జారింది. లోపల రేకు డబ్బా, దాని చుట్టూ బిగించి చుట్టిన ఇనప తీగ!

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో డబ్బా, తీగ కలిసి కనబడితే ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. హీరాలాల్ అందరినీ బయటికి తోశాడు. ఎవరో ఫోన్ చేశారు. జీపు వచ్చింది, రోడ్డు ఆపేశారు. పక్క దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దబదబా దిగాయి. ఖాకీ బట్టలు చూడగానే తబిత వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

ఎవరు పెట్టారని ఎస్సై గట్టిగా అడిగాడు. ఎవరూ పలకలేదు. ఆమె పెట్టడం ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే చాలు... నిజంగానే అందులో అదే ఉంటే? పేలితే? ముసలాయన మళ్ళీ రాకపోతే?

అప్పుడు జనంలోంచి జకర్యా ముందుకు వచ్చాడు. పొద్దున ఆమె వెనకే వచ్చి, ఎదుటి చాయ్ హోటల్ దగ్గరే అప్పటిదాకా కూర్చున్నాడని ఆమెకు తెలియదు. అతడు మూటను చూడలేదు. తెల్లబోయిన ఆమె మొహం వైపు మాత్రం ఒక్కసారి చూశాడు.

"నేనే పెట్టిన సార్."

కానిస్టేబుల్ అతని రెక్క పట్టుకున్నాడు. లేవని ఆ కుడి రెక్కే! జకర్యా పళ్ళు బిగించాడు.

తబిత అతని వైపే చూసింది. ఇది అబద్ధం. ఇది అబద్ధమని భూమ్మీద తెలిసింది తనొక్కదానికే. ఎంత తేలిగ్గా చెప్పాడు! తడబాటు లేదు, ఆలోచన లేదు, అలవాటైన పనిలా... అయితే ఆ రోజు? ఆ రోజు కూడా ఇలాగే చెప్పాడా? తను ఇల్లందులో ఉంది. ఇంట్లో ఇంకెవరున్నారు? అత్తమ్మ! తను మూట మాట ఎత్తిన ప్రతిసారీ చెంబు పట్టుకుని బయటికి వెళ్ళిపోయే అత్తమ్మ... పొద్దున కూడా ప్రార్థన మధ్యలో గొంతు ఆగిపోయిన అత్తమ్మ! అయ్యో, ఇన్నేళ్ళూ ఏ మనిషిని పొడిచింది తను! ముసలి తల్లిని ఆ జీపు ఎక్కనివ్వలేక తన చెయ్యి ఇచ్చేసిన మనిషినా!

జనాన్ని తప్పించుకుని వెళ్ళి ఎస్సై ముందు నిలబడింది.

"ఆయన పెట్టలే సార్. నేను పెట్టిన. ముసలాయన మా భాషల అడిగిండు, కాదనలేకపోయిన. ఆయన్ను ఇడిచిపెట్టుర్రి."

"తబితా, నువ్వూకో," అన్నాడు జకర్యా.

"నువ్వే ఊకో," అంది ఆమె. "ఇగ చాలు."

ఇద్దరినీ జీపు ఎక్కించమన్నాడు ఎస్సై. తబిత ఒక కాలు జీపు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఈ గోల ఏమిటో తెలియని జంపయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా తేనె ఏదని అడుగుతున్నాడు! అతని మాటలు తబిత తెలుగులో చెప్పింది. మనవరాలికి జ్వరం తగ్గిందట, చూసిన నర్సమ్మకు ఇద్దామని తెచ్చాడట, మూత వదులైతే తీగ చుట్టాడట. అందరినీ గోడ వెనక్కి పంపి, నీదే అయితే నువ్వే విప్పమన్నాడు ఎస్సై. ముసలాయన ఖాళీ రోడ్డు మీద గొంతుక్కూర్చుని నింపాదిగా తీగ విప్పుతుంటే, ఒక్కో మెలికకూ తబిత కళ్ళు గట్టిగా మూసుకుంది. మూత తీసి, వేలు ముంచి నాకి, ఎస్సైకి కూడా చూడమని డబ్బా చాపాడు. గోడ వెనక ఎవరో నవ్వారు. ఎస్సై మాత్రం నవ్వలేదు. అందరినీ కలిపి తిట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

పని పోయినట్టేననుకుంది తబిత. కానీ హీరాలాల్ రేపు జల్దీ రమ్మన్నాడు. ఇవాళ ఆగిన సరుకంతా పొద్దున్నే పంపాలట. ఇంకోసారి చీటీ లేకుండా సూది కనబడినా ఇంటికే పంపుతానన్నాడు.

మొగుడూ పెళ్ళాం ఇంటిదారి పట్టారు. సందు మలుపులో జకర్యా ఆగి, ఆమె మొహం చూడకుండా అన్నాడు. "అమ్మనేం అనకు."

"అనను," అంది తబిత. ఇంకా ఎంతో అనాలని ఉంది. అతని కుడి చెయ్యి పట్టుకుంది. పట్టపగలు, పదిమంది చూసే రోడ్డు మీద, ఇంటిదాకా వదల్లేదు.

పోలీసులు వచ్చారన్న కబురు అప్పటికే ఇల్లు చేరింది. విశ్రాంతమ్మ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు గొంతు వినబడగానే కూలబడిపోయింది. ఏదో చెప్పబోయింది. ఆ రోజు, అంది... మళ్ళీ ఆ రోజు, అంది. మాట ముందుకు పోలేదు.

తబిత పక్కన కూర్చుంది. ఇంటికి వచ్చిన మనిషిని కాదనవద్దని నేర్పింది దేవుడే కదా, మరి అలా ఆదరించినవాళ్ళకే ఈ శిక్ష ఎందుకు రానిచ్చాడు? దారి పొడవునా అడుగుతూనే వచ్చింది, జవాబు దొరకలేదు. ఆమెకు అత్తమ్మను అడగాలనిపించింది ఒక్కటే.

"ఆ మూట తెచ్చిన మనిషి నీళ్ళు తాగిండా అత్తమ్మా?"

విశ్రాంతమ్మ తలెత్తింది. మసకబారిన కళ్ళు కోడలి మొహాన్ని వెతుక్కున్నాయి.

"తాగిండు బిడ్డా... చిన్న పిలగాడు. మీసం గూడ రాలే. బాగ దూపైతందన్నడు."

"నేనున్నా తీసుకుందును," అంది తబిత.