స్టీరియో లేని కారు

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, సౌదీలోని అల్ ఖోబర్ శివారు గ్యారేజ్‌లో మెకానిక్ భూమేష్ శవం దొరికింది.

షట్టర్ మూసి ఉంది. లోపల రేసు కారు, ఇంజన్ ఆన్‌లోనే ఉంది. భూమేష్ డ్రైవర్ సీట్లో ఒరిగి ఉన్నాడు. ఒళ్లో ఇంజన్‌కు కలిపిన ల్యాప్‌టాప్. చెవులకు హెడ్‌ఫోన్లు.

కార్బన్ మోనాక్సైడ్ వల్ల మరణం అన్నది మెడికల్ రిపోర్ట్. ఆత్మహత్య కావచ్చన్నారు పోలీసులు.

సోమవారం ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ ఆసిఫ్ వచ్చాడు. కడపవాడు. గ్యారేజ్ బయట కారు ఆపి, జగిత్యాల దగ్గర ఉంటున్న మృతుడి భార్య సరళకు ఫోన్ చేశాడు.

"ఆ శుక్రారం పొద్దుగాల లొల్లి వెట్టుకున్న సార్. ఇగ ఫోన్ జెయ్యకని కట్ చేసిన. మనసు ఒప్పక మల్ల నేనే మస్తుసార్లు చేసిన. ఎత్తలే. నా మీది కోపంతోనే పోయిండా? గదొక్కటి చెప్పున్రి."

కనుక్కుని చెబుతానని ఆసిఫ్ ఫోన్ పెట్టేసి గ్యారేజ్‌లోకి నడిచాడు.

లోపల ఇద్దరున్నారు. ఫోర్‌మన్ బుచ్చన్న, స్పేర్ పార్టులు తెచ్చే అల్లాబకాష్.

"శుక్రవారం సెలవు కదా, ఒక్కడే ఎందుకున్నాడు?"

"సాయంత్రం డ్రాగ్ రేసుండె సార్. పవర్ పెంచి ఇయ్యాలె," అన్నాడు బుచ్చన్న.

"షట్టర్ ఎందుకు మూసినాడు?"

"చావనీకే."

"దుమ్ము తుఫాను రేగలేదా ఆ పొద్దు?" అన్నాడు అల్లాబకాష్. "గాలి పీల్చే టర్బోలోకి ఇసక పోతే ఇంజన్ ఖతం."

బుచ్చన్న అతనివైపు కొరకొరా చూశాడు.

"హెడ్‌ఫోన్లు?"

"కారు స్టీరియోల పాటలు ఇనుకుంట పోయిండు," అన్నాడు బుచ్చన్న.

ఆసిఫ్ కారు లోపలికి వంగాడు. డ్యాష్‌బోర్డు మధ్యలో ఖాళీ గుంత. రేసు కోసం బరువు తగ్గించాలని స్టీరియో, వెనక సీట్లు ఎప్పుడో పీకేశారు.

"స్టీరియో ఏదప్పా?"



సీట్లోనే ఉన్న హెడ్‌ఫోన్ల వైరు డ్యాష్‌బోర్డు కిందికి పోయింది. ఆసిఫ్ బానెట్ ఎత్తాడు. వైరు రెండో కొస ఇంజన్‌కు బిగించిన చిన్న మైక్‌కు ఉంది.

"టర్బో బూస్ట్ పెంచేటప్పుడు లోపల టక్‌మని నాక్ వస్తే ఇంజన్ పగిలిపోతుంది. అది ముందే పసిగట్టడానికి విన్నాడు. నీకు తెలీదా?"

తరువాత వెనక్కి నడిచాడు. మెరిసే సైలెన్సర్ గొట్టం. దాని చుట్టూ కరిగి అంటుకున్న నల్లటి రబ్బరు.

"ఈ గొట్టం ఎప్పుడు బిగించారు?"

"గురువారం. నేనే తెచ్చినా," అన్నాడు అల్లాబకాష్.

"అంటే ఈ రబ్బరు శుక్రవారానిదే. పొగను గోడ బయటికి పంపే రబ్బరు పైపు తగిలించుకునే పనిలో కూర్చున్నాడు. చావాలనుకున్నోడు పొగను బయటికి పంపుతాడా? ఆ పైపేదీ?"

"చినిగింది, మార్చమని భూమేష్ అడగతానే ఉండె సార్. ఈయన టేపు చుట్టుకోమనె," అని అల్లాబకాష్ బుచ్చన్నను చూపించాడు.

బుచ్చన్న టైరు మీద కూలబడ్డాడు.

"నా తప్పని తెలిస్తే వీసా ఇచ్చిన కఫీల్ నన్ను బతకనిస్తడా సార్? శవాన్ని మొదలు చూసింది నేనే, భయానికి పైపు ఇప్పి షెడ్డెనుక వడేసిన. నేను, భూమేష్ ఒక్కటే రూముల ఉంటుంటిమి. ఇప్పుడు నేనొక్కన్నే."

పైపు దొరికింది. చిరుగు మీద టేపు ఊడి వేలాడుతోంది. ఆసిఫ్ పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ తరువాత సరళకు.

"ఆయన చావాలని కూర్చోలేదమ్మా. పని చేస్తున్నాడు."

"మరి నా ఫోను?"

"కోపముందో లేదో నాకు తెలీదు. చెవుల నిండా ఇంజన్ చప్పుడే. ఫోన్ మాత్రం వినపడలేదు."



"ఇంజన్ మంచిగ నడిచిందా సార్?"

"ల్యాప్‌టాప్‌లో చూశానమ్మా. చివరిదాకా ఒక్క నాక్ లేదు."

"ఆయన పని గట్లనే ఉంటది," అంది సరళ.