ముక్కుపుడక శీల

హిందీ మాట్లాడే ఆ రైల్వే ఊళ్లో, తార్‌బహార్ పేటలో సింహాచలం రేడియో కొట్టు ఎక్కడంటే ఎవరైనా చెయ్యి చాపి చూపించేవారు. పేరుకి రేడియో కొట్టేగానీ అక్కడ బాగుపడని వస్తువు లేదు. టేప్ రికార్డర్లు, పెళ్లిళ్ల మైకు సెట్లు, ఒకసారి ఓ ముసలి గార్డుగారి చెవి మిషను కూడా బాగుచేశాడు. ఎనభై ఏడో సంవత్సరం వచ్చేసరికి వాటి సరసన ఇంకో వింత వస్తువు చేరింది. నేలలో దాగిన లోహాన్ని పసిగట్టే డిటెక్టరు.

మిలటరీవాళ్లు మందుపాతరలు వెతకడానికి వాడి, పాతబడ్డాక వేలంలో వదిలించుకున్నవి జబల్‌పూర్ నుంచి వచ్చేవి. పొడుగాటి కర్ర, దాని కొసన పళ్లెంలా చుట్టిన తీగచుట్ట, అంటే కాయిలు, భుజానికి తగిలించుకునే పెట్టె, చెవులకి హెడ్‌ఫోను. మందుపాతర అంటే చపాతీ పెనమంత ఉంటుంది. అంతంత వాటిని వెతకడానికి అలవాటుపడ్డ మిషనుకి బియ్యపుగింజంత బంగారం ఎక్కడ ఆనుతుంది? అందుకని సింహాచలం కాయిలు విప్పేసి, సన్నటి రాగితీగతో చిన్నదిగా మళ్లీ చుట్టేవాడు. లోపలి సర్క్యూట్ మార్చేవాడు. ఇనుము తగిలితే గొంతు దించి గుర్రుమనేలా, బంగారం తగిలితే సన్నగా పైకి లేచేలా మిషనుని మచ్చిక చేసుకునేవాడు. ఆ విద్యలో తనని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని అతని నమ్మకం. ఆ మాట తనే నలుగురికీ చెప్పుకునేవాడు కూడా.

అలాంటివాడి గాలి తీసేసినవాడు రాకేష్. కుదుదండ్ పేటలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డుగారి అబ్బాయి. బంగారం పిచ్చి పట్టి, తూర్పు అడవుల్లో వాగుల వెంట తిరుగుతుండేవాడు. సింహాచలం తయారుచేసిచ్చిన మిషను పట్టుకెళ్లి, పది రోజులకే తిరిగొచ్చి బల్లమీద పడేశాడు.

"సబ్ కే సామ్నే, అందరి ముందూ సిగ్గయిపోయింది మావయ్యా," అన్నాడు. "ఇసకంతా తిప్పినాను. చుప్. కుయ్యి లేదు, కయ్యి లేదు. వెనకాలే అక్కడి ఆడోళ్లొచ్చి, అదే ఇసక చెక్కపళ్లెంలో కడిగి, బియ్యపుగింజంత బంగారం నాకు చూపించినారు. నీ మిషన్ బెహ్రా హై అని ఒకటే నవ్వు."

చెవిటిది. తన మిషను చెవిటిది. సింహాచలానికి మొహం చెల్లలేదు. రాకేష్ కళ్లలోకి చూడలేక కాయిలుకేసి చూస్తూ, "వారం ఆగు. దీని సంగతి తేలుస్తాను," అన్నాడు.

ఆ వారమంతా కొట్టు తలుపు సగం మూసే పనిచేశాడు. కాయిలు మూడుసార్లు చుట్టాడు. భార్య నీలవేణి చెవిదుద్దు శీల ఒకటి అడిగి తీసుకుని, వెనక పెరట్లో పాతి చూశాడు. లాభం లేకపోయింది. రైల్వే ఊరు అది. తలమీద కరెంటు తీగలు, వాటి హోరంతా హెడ్‌ఫోనులో. ఎక్కడ తిప్పినా మేకులూ, బోల్టులూ, పట్టాల ముక్కలూ గుర్రుమంటున్నాయి.

"ఊరంతా ఇనుమే కదేటి," అంది నీలవేణి, గుమ్మంలో నిలబడి. "ఇక్కడేటి పలుకుద్ది మీ బంగారం?"

అది నిజమే. ఇంకో చిక్కు కూడా ఉంది. నిన్న పాతిన బంగారం ఒకలా పలుకుతుందనీ, ఏళ్ల తరబడి మట్టిలో నానింది ఇంకోలా పలుకుతుందనీ ఆ పని చేసేవాళ్ల నమ్మకం. మిషనుకి చెవి కుదర్చాలంటే మట్టిలో నానిన బంగారమే కావాలి. కరెంటు తీగలు లేని చోటు కావాలి. ఇనుము లేని నేల కావాలి. గింజంత బంగారం ఆ నేలలో ఫలానా చోట ఉందని ముందే తెలిసుండాలి.

అలాంటి చోటు ఒకటుందని సింహాచలానికి తెలుసు.

ఆ ఆలోచన వచ్చినప్పుడు కొట్టులో ఎవరూ లేరు. అయినా అతను తల దించుకున్నాడు.

అర్పా నది అవతల, ఇసుక దాటాక, తెలుగువాళ్ల శ్మశానం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఎప్పుడో రైలు పనులకి వచ్చి ఇక్కడే రాలిపోయినవాళ్లంతా అక్కడ మట్టిలో ఉన్నారు. సింహాచలం తల్లి అచ్చియమ్మ కూడా అక్కడే ఉంది. పోయి ఎనిమిదేళ్లు. సాగనంపే ముందు నోట్లో కాస్త బంగారం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఒట్టినోటితో పంపకూడదంటారు.

అచ్చియమ్మ దగ్గర ఉన్న బంగారమల్లా ముక్కుపుడక ఒక్కటే. దాన్నే పెట్టమన్నారు పెద్దలు. సింహాచలం పుడక విప్పాడు. పువ్వు పిడికిట్లో దాచుకుని, వెనక తిప్పే శీల మాత్రం తల్లి నోట్లో పెట్టాడు. పక్కనున్న పెద్దలు చూశారు. చావింట్లో ఎందుకులే అని ఊరుకున్నారు. ఆ పువ్వు అమ్మి కొన్న, కరెంటు కొలిచే మీటరే ఇప్పటికీ కొట్టులో బల్లమీద ఉంది. దాని ముల్లు కదిలినప్పుడల్లా అతను చూపు తిప్పుకునేవాడు.

భర్త పోయాక నాలుగిళ్లలో అంట్లు తోమి కొడుకుని పెంచిన మనిషి అచ్చియమ్మ. తన నోటికాడి ముద్ద తీసి కొడుకు నోట్లో పెట్టేది. 'నాకాకల్లేదురా, నువ్వు తిను' అనేది. అంతమంది ఇళ్లలో వంటగదులు కడిగిన మనిషికి ఆకలి ఉండకపోవడమేమిటని పెద్దయ్యాక కూడా అతనికి తోచలేదు.

"తవ్వను," అనుకున్నాడు సింహాచలం. "ముట్టుకోను. ఊరికే వింటానంతే."

తెలిపారా పేటలో మైకు సెట్టు ఇచ్చి రావాలని నీలవేణికి అబద్ధం చెప్పి, మిషనుని గోనెసంచిలో చుట్టి సైకిలుకి కట్టుకున్నాడు. కార్తీకమాసం. పొద్దు గూకుతోంది. నది ఒడ్డున అప్పలకొండ ఎదురుపడ్డాడు. అచ్చియమ్మని మోసిన నలుగురిలో ఒకడు. ముసలివాడయ్యాడు, చూపు ఆనదు.

"సింహాచలవేనా? ఈ వేళప్పుడు ఇటేటి?" అని, జవాబు కోసం ఆగకుండా తనే అందుకున్నాడు. "అచ్ఛా, అమ్మకి దీపం పెట్టడానికా. మంచిపని బాబూ. ఇన్నేళ్లకైనా గురుతొచ్చింది."

సింహాచలం తల ఊపి, సైకిలు నడిపించుకుంటూ ఇసుకలో దిగాడు. వెనక్కి తిరిగిపోదామని అనిపించింది. అప్పలకొండ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వెనక్కి పోతే అదో సిగ్గు.

శ్మశానంలో ఎవరూ లేరు. తడి ఇసుక వాసన, కుళ్లిన బంతిపూల వాసన, ఎక్కడో మగ్గిన మారేడుకాయ వాసన. దూరంగా రైల్వే యార్డులో బండి డబ్బాలు గుద్దుకున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. మట్టిదిబ్బలు నేలలో కలిసిపోయాయి. తల్లి తలవైపు పాతిన రాయి మీద పేరు సగం చెరిగింది. ఆ రాయికేసి చూడకుండా హెడ్‌ఫోను తగిలించుకుని, మీట నొక్కాడు.

హోరు లేదు. గుర్రు లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు.

కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టాడు. కాయిలుని నేలకి ఆనీ ఆననట్టు, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి జరిగాడు. మోకాళ్ల దగ్గర ఏమీ లేదు. నడుము దగ్గర ఏమీ లేదు. గుండెల దగ్గర ఏమీ లేదు. ఎక్కడేముంటుందో ఇలా లెక్కేసుకుంటున్నది ఎవరి ఒంటినో గుర్తొచ్చింది. అయినా ఆపలేదు.

తలవైపు వచ్చేసరికి హెడ్‌ఫోనులో సన్నగా, వెంట్రుకంత సన్నగా, ఒక గొంతు లేచింది.

పలికింది. మిషను పలికింది. సింహాచలం పైకే నవ్వాడు. తల్లి మొహానికి సరిగ్గా పైన నిలబడి, రాకేష్ మొహం ఎలా మారుతుందో ఊహించుకుని నవ్వాడు. మీట కాస్త తిప్పాడు. ఇంకాస్త తిప్పాడు. స్వరం తేటపడింది.

ఇప్పుడు కాయిలు పైకెత్తి చూడాలి. ఎత్తితే స్వరం తగ్గాలి. జానెడు ఎత్తాడు.

తగ్గలేదు.

ఇంకో జానెడు ఎత్తాడు. స్వరం తగ్గకపోగా పెరిగింది. వైరు ఎక్కడో వదులైందనుకుని కాయిలుని కదలకుండా గాల్లో పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. చెయ్యి కదల్లేదు. మీట కదల్లేదు.

స్వరం పెరుగుతూనే ఉంది... నిదానంగా... ఆగకుండా.

ఆ మిషను అతని చేతిలో పుట్టింది. అది ఎప్పుడు ఎందుకు గొంతు పెంచుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాయిలు కదలకుండా స్వరం పెరిగితే దానికి ఒకటే అర్థం.

బంగారం దగ్గరికొస్తోంది.

నేలకేసి చూశాడు. పిడికెడు మట్టి కదల్లేదు. ఒక్క గడ్డిపరక ఊగలేదు. చెవుల్లో మాత్రం అది పైకి వస్తోంది. నేల దాటింది. మోకాలెత్తు వచ్చింది. కాయిలు దాటేసి... ఇంకా పైకి...

సరిగ్గా అతని మొహం ముందుకొచ్చి ఆగింది.

స్వరం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, రెండు చెవుల్లోనూ ఒకేసారి, ఊపిరి లేని గుసగుస.

"సిమ్మాలూ..."

అలా పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది.

"ఆకలేత్తందేట్రా..."

సింహాచలానికి భయం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆ ముక్కుపుడక పువ్వు, ఆ మీటరు, అప్పలకొండ అన్న మాట, ఇందాకటి నవ్వు... అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. తిట్టినా బాగుండేది. గొంతు పట్టుకున్నా బాగుండేది. అడిగిందేమో కొడుకు ఆకలి గురించి. 'అమ్మా' అందామని నోరు తెరిచాడు.

"ఆ... అలాగే తెరు..."

హెడ్‌ఫోను పీకేశాడు. మిషనుని ఈడ్చుకుంటూ, సైకిలు ఎక్కడం కూడా మర్చిపోయి దాన్ని తోసుకుంటూ, ఇసుకలో పడుతూ లేస్తూ ఒడ్డు చేరాడు. నోరంతా మట్టి రుచి. కుళాయి దగ్గర ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు.

ఇంట్లో నీలవేణి అన్నం వడ్డించింది. ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్లి దించేశాడు.

"ఏటయ్యింది?" అంది నీలవేణి. "ఒంట్లో బాగులేదేటి?"

చెప్పాలనిపించింది. చెబితే రేపే ఇద్దరూ కలిసి వెళ్లి ఓ దీపం పెట్టి రావచ్చు. తప్పయిపోయిందమ్మా అని దండం పెట్టుకోవచ్చు. కానీ అలా చెప్పాలంటే పువ్వు సంగతి దగ్గర్నుంచీ చెప్పాలి. పుడక మొత్తం అత్తమ్మ నోట్లో పెట్టారని ఎనిమిదేళ్లుగా నమ్ముతున్న మనిషికి ఆ మాట ఎలా చెబుతాడు? తల అడ్డంగా ఊపి, కంచం తోసి పడుకున్నాడు. తెల్లవార్లూ పళ్లు బిగించే ఉన్నాడు.

పొద్దున్నే రాకేష్ వచ్చాడు. తన ఉంగరం తీసి నేలమీద పెట్టి, మిషను తిప్పి చూశాడు. మొహం వెలిగిపోయింది. చిన్న గొలుసు లంకె పెట్టి చూశాడు. దానికీ పలికింది.

"కమాల్ మావయ్యా," అన్నాడు. "ఇంత సాఫ్‌గా ఏ మిషనూ పలకదు. ఎక్కడ టెస్టింగ్ చేసినావు?"

నీలవేణి టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. సింహాచలం ఆమెకేసి చూశాడు. ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాడు. ఇద్దరి ముందూ, మొదట్నుంచీ, ఏదీ దాచకుండా. నోరు తెరిచాడు.

రాకేష్ చేతిలో మిషను, హెడ్‌ఫోనులోంచి బయటికి వినబడేంతగా, సన్నగా పలికింది.

సింహాచలం నోరు మూశాడు. మిషను ఆగిపోయింది.

రాకేష్ హెడ్‌ఫోను సర్దుకుని, నవ్వుతూ కాయిలుని అతని మొహం దగ్గరికి తెచ్చాడు. "నోట్లో బంగారప్పన్ను కట్టించుకున్నావేటి మావయ్యా? ఎప్పుడూ చెప్పనే లేదు."

"ఆయనకి ఉన్న పళ్లే ఊడిపోతన్నాయి," అంది నీలవేణి. "బంగారప్పన్నొకటా."

సింహాచలం నాలుకతో నోరంతా తడుముకున్నాడు. పళ్లు, ఊడిన పన్ను సందు, అంగిలి, నాలుక కింద. ఏమీ లేదు. పెదాలు కాస్త విడదీశాడు. మిషను గొంతు లేచింది. గట్టిగా మూసేశాడు. ఆగింది. నీలవేణి గ్లాసులు బల్లమీద పెట్టేసింది. ఆమె నవ్వడం లేదు.

సింహాచలం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చెప్పాలి. చెప్పాలంటే నోరు తెరవాలి.

రాకేష్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. అతను తల పక్కకి వంచి, హెడ్‌ఫోనుని చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు.

"మావయ్యా..." అన్నాడు, గొంతు తగ్గించి. "ఇందులో ఎవరో ఆడమనిషి మాటాడతన్నారు. తెలుగే."

"ఏటంటన్నారు?" అంది నీలవేణి.

"నాకాకల్లేదు... మింగీరా నాయినా... అంటన్నారు."

మూసుకున్న చేతుల కింద, సింహాచలం గొంతు తనంత తనే ఒకసారి గుటక వేసింది.