ఒకే చుక్కకు రెండు కాడలు

కళ్యాణి ఆ కాగితాన్ని నితీష్ బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. మాదాపూర్‌లోని ఆ చిన్న కంపెనీ, పాటలను గీతల మీద కాడలున్న చుక్కలుగా చూపే పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. కోడ్ రాసేది అతను, అందులో తప్పులు పట్టి ‘బగ్’ అని రాసి పంపేది ఆమె.

“నా బగ్‌ను అసలు తప్పే కాదని ఎట్ల మూసినవ్?”

కాగితం మీదున్నది ఆమె తల్లి కొమురమ్మ, పెద్దమ్మ రుక్కమ్మ జంటగా పాడిన వరినాట్ల పాట. కళ్యాణి ఫోన్‌లో రికార్డు చేసి, స్వరాలు రాసింది. సాయంత్రానికి అది కంపెనీ నమూనా పుస్తకంలో అచ్చుకు పోవాలి. కానీ రెండు గొంతులు ఒకే స్వరం మీద కలిసిన ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ పెద్దమ్మ చుక్కను ఉంచి, అమ్మ చుక్కను మాయం చేసింది. సగం పేజీలో అమ్మ లేదు.

రెండూ ఒకే స్వరం కదండీ, ఒకదాని మీదొకటి పడి గజిబిజి అవుతుందని రెండోది తీసేశానన్నాడు భీమవరం నుంచి వచ్చిన నితీష్.

కళ్యాణి ఇయర్‌ఫోన్ అతని చేతిలో పెట్టింది. “విను. పెద్దమ్మ ఊపిరి తీసుకునేటప్పుడు పాట ఆగకుండ పట్టుకునేది ఎవరు? మా అమ్మ. నీ కాగితం మీద అక్కడ పాటనే తెగిపోయింది.”

అతను రెండుసార్లు విన్నాడు. మూడోసారికి ముఖం ఎర్రబడింది.

భోజనానికి లేవకుండా కోడ్ మార్చాడు. ఇద్దరూ ఒకే స్వరాన్ని సమానసేపు పాడిన చోట ఒకే చుక్కకు పెద్దమ్మకని పైకొక కాడ, అమ్మకని కిందికొక కాడ వచ్చాయి. అమ్మ స్వరం ఎక్కువసేపు నిలిచిన చోట రెండు చుక్కలూ పక్కపక్కకు జరిగాయి. కళ్యాణి వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంది. అమ్మ అంతటా ఉంది. పేజీ అచ్చుకు పోయింది.

తిట్టడానికి ఇంకేమీ దొరకలేదు. అతనే ఒకటి అందించాడు.

“నిజానికి మీ బగ్ సరిగా చదవలేదండి. మూసేస్తే పోట్లాడడానికి నా సీటు దాకా వస్తారని మూసేశాను. ఈ నెలలో ఇది ఆరోది.”

ఆమె చెవులు వేడెక్కాయి. “దానికి మా అమ్మ గొంతే దొరికిందా?”

“తప్పేనండి. మీరంటే ఇష్టమని చెప్పే ధైర్యం లేక చేశాను.”

ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేదానికి ఆరుసార్లూ తాను అతని సీటు దాకా నడిచే వచ్చానని కళ్యాణికి అప్పుడు తట్టింది. దాంతో తన మీద తనకే కోపమొచ్చింది.

“ఇగ ఏ బగ్గూ మూయకు. మాట్లాడాలనుంటే పిలువు.”

“ఇప్పుడు పిలిస్తే? కిందికి, చాయ్‌కి?”

ఆమె సంచి భుజాన వేసుకుంది. “కోపం పోలే. తాగుకుంట తిడత, నడువు.”