నిమిషానికి ఎన్ని దెబ్బలు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, తలుపు తోసుకుని చీఫ్ వచ్చాడు. గ్యాస్ స్టవ్ రిపేరువాడి వేషం. అతికించుకున్న మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

“స్టవ్ మంట నీలంగా ఉందా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఆదివారం పచ్చగా ఉంటుంది,” అని ఆమె కోడ్ పూర్తిచేసింది. “మీసం సర్దుకోండి సార్. రిపేరువాళ్లెవరూ ఇంత మెరిసే బూట్లు వేసుకోరు.”

గూఢచారి డిపార్ట్‌మెంటులో ఆమెను ‘చెవి’ అంటారు. ఏ చప్పుడైనా ఒకసారి వింటే చాలు, గుట్టు పట్టేస్తుంది.

చీఫ్ వెనకే సౌండ్ ఎక్స్‌పర్ట్ వచ్చింది. ఎర్రటి పెదవులు, ఎత్తు మడమల చెప్పులు, గదంతా సెంటు వాసన. చంకలో లాప్‌టాప్.

“రైల్వే స్టేషన్ లాకర్‌లో విదేశీ ముఠా బాంబు పెట్టింది,” అన్నాడు చీఫ్. “నాలుగింటికి పేలుతుంది. ఏ లాకరో వాళ్ల మనుషులకి రేడియోలో పాత రాక్ పాట వేసి చెప్పారు. పాట టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, లాకర్ నంబరు అంత. తప్పు తలుపు తెరిస్తే అప్పుడే పేలుతుంది. అక్కడ తలుపు తియ్యాల్సింది నీ తమ్ముడే.”

ఇస్త్రీపెట్టె ఆగింది. గోడ గడియారంలో నాలుగుకు మూడు నిముషాలు తక్కువ.

“నాతో ఏం పని?”

“లెక్క అయిపోయింది. రెండో సంతకం ఉండాలని రూలు. గీకెయ్ అమ్మాయ్.”

“నూట యాభై రెండు,” అంది ఎక్స్‌పర్ట్. “పాటలో ఎనర్జీ తొంభై ఒక్క శాతం. సంతోషం ఇరవై ఎనిమిది.”

“సంతోషం కూడా తూచారా? ఏ తక్కెడలో?”

“సాఫ్ట్‌వేర్ అండీ. పల్లెటూరి బడిలో చదివినవాళ్లకి కొత్తగానే ఉంటుందిలెండి.”

“పాట పెట్టండి.”

గిటారు గుర్రుమంది. వెనక సన్నటి కంచు తాళాలు హడావిడిగా టిక్కు టిక్కుమంటున్నాయి. చెవి మాత్రం నేలను చూస్తోంది. ఎక్స్‌పర్ట్ పాదం తనకు తెలియకుండానే ఆడుతోంది, రెండు టిక్కులకు ఒక్కసారి. పదిహేను సెకన్లలో పంతొమ్మిది. నిమిషానికి డెబ్బై ఆరు.

ఫోనందుకుంది. “తమ్ముడూ, డెబ్బై ఆరు తియ్యి!”

ఎక్స్‌పర్ట్ బ్యాగులోంచి లిప్‌స్టిక్ గొట్టం బయటికి వచ్చింది. అది పిస్తోలు. అది పేలేలోపే చెవి చేతిలోని ఇస్త్రీపెట్టె ఆ చేతి మీద బుస్సుమని ఆవిరి కక్కింది. గొట్టం నేలమీద దొర్లింది.

“అక్కా, తెరిచా. దొరికింది! వైరు కోసేశా,” అంది ఫోను. “ఒక్క సెకను మిగిలింది.”

“తాళాల చప్పుడు కూడా కలిపి మీ యంత్రం రెట్టింపు లెక్కపెట్టింది. దానికి బుద్ధి లేదు,” అంది చెవి, ఎక్స్‌పర్ట్ వైపు చూసి. “మీకు అసలు నంబరు తెలుసు. నోటికి అబద్ధం నేర్పారు గానీ, పాదాన్ని మరిచిపోయారు.”

“నాకు మొదట్నుంచీ అనుమానమే,” అన్నాడు చీఫ్ బేడీలు వేస్తూ.

“పాపం, ఆ భయానికేనేమో మీసం ఊడింది.”

ఎక్స్‌పర్ట్ బేడీలతో ఇల్లు దాటింది. మెట్ల మీద మడమల చప్పుడు దిగిపోతుంటే చెవి అలవాటుగా లెక్కపెట్టింది. నిమిషానికి ముప్పై ఎనిమిది. సంతోషం ఎంత శాతమో తూచే ఓపిక లేక, చొక్కా చెయ్యి అందుకుంది.